రంగములో ఆఱు దినములు

మా ఉద్దానమున "రంగము" అను మాటకు నాటకశాల యని గాని, యుద్ధభూమి యని గాని యర్థము లేదు. ఆ యర్థములను మేము బడిలో నేర్చుకొంటిమి. ఇంటిలో నేర్చినది వేఱు. రంగమనగా రంగూను. "ఆయన రంగం ఎలిపోయేడు" అని ముసలివారు ఒకనిగూర్చి చెప్పినచో, ఆ మనుష్యుడు వచ్చునో రాడో యెవ్వరికిని తెలియదనియు, అతని మాట యింక నడుగరాదనియు మాకు చిన్ననాటనే తెలియును. బారువనుండియు, కళింగపట్టణమునుండియు, గోపాలపురమునుండియు పొగయోడలెక్కి మా ముత్తాతల కాలమువారు, తాతల కాలమువారు వేలకొలదిగ నా పట్టణమునకు బోయిరి. కొందఱు టేకుపెట్టెలతో తిరిగి వచ్చిరి. కొందఱు కాలినడకను అడవులు దాటి వచ్చిరి. కొందఱు రానేలేదు.

2019 వ సంవత్సరము డిసెంబరు మాసమున మాకు రంగము చూచు నవకాశము కలిగినది. ఆంగ్లభాష బోధించు నుపాధ్యాయుల సమావేశమొకటి యచ్చట జరుగగా, టెక్కలి ప్రాంతపు బడిపంతులమగు మమ్మును పిలిచిరి. పలాస స్టేషనులో రైలెక్కి కలకత్తా చేరి, అటనుండి విమానమున ఇంచుమించు రెండుగంటలలో రంగమున దిగితిమి. మా పెద్దలు ఓడ పైతట్టున ఎండకును ఉప్పుగాలికిని వెఱువక దినముల తరబడి కూర్చుండి దాటిన సముద్రమును, మేము ఒక పత్రిక చదివి మడిచి పెట్టునంతలో దాటితిమి. ఇది గర్వకారణమని మాకు తోపలేదు. కొంచెము సిగ్గుగనే యుండెను.

నగరమునకు నేటి పేరు యాంగోన్. 1989 లో అచ్చటి ప్రభుత్వము పాతపేరును మార్చినది. 2005 వ సంవత్సరాంతమున రాజధానిని కూడ నేప్యీడాకు తరలించినది. పేరును, పెద్దఱికమును పోయినను నగరపు ఠీవి పోలేదు. 1852 నాటి యుద్ధమున గెలిచిన ఆంగ్లేయులు సూలే పగోడాను నడుమనుంచుకొని, చదరంగపు పలకవలె వీధులు గీసిరి. సన్నని వీధులలో చాలవాటికి పేళ్లు లేవు, అంకెలే. నదీతీరమున స్ట్రాండు రోడ్డున పాత కచేరీలు, వర్తకుల మేడలు నాచుపట్టి, గోడల పగుళ్లలో రావిమొక్కలు మొలచి, ఇంకను దర్జాగ నిలిచియున్నవి. నగరవీధులలో మోటారుసైకిళ్లను నిషేధించుటచే ఆ రొద లేదు. 1970 నుండి బండ్లన్నియు కుడిప్రక్కను నడచుచుండగా, చాల కార్లకు స్టీరింగు కూడ కుడివైపుననే యుండుటచేత, ప్రయాణికుడు నడివీధిలో దిగవలసి వచ్చుచున్నది. మొదటి దినమున మేము రెండుమాఱులు ప్రాణములను అఱచేత పట్టుకొని దిగితిమి.

దుకాణముల పలకలమీది అక్షరములు చూచి మా కన్నులు మోసపోయినవి. సున్నలు, తెగిన సున్నలు, సున్నకు తగిలిన సున్నలు, మా బడిలో ఒకటవ తరగతి పిల్లవాడు దిద్దిన పలకవలె నుండెను. ఆ లిపియు, మన లిపియు దక్షిణదేశపు ప్రాచీన బ్రాహ్మీశాఖలనుండి దిగివచ్చిన దాయాదులే గదా! తాటియాకుమీద గంటముతో అడ్డుగీత గీసిన ఆకు చీలును; గుండ్రముగ వ్రాసిన నిలుచును. ఆకు నేర్పిన యా పాఠమును ఉభయులము విడువలేదు.

శ్వెడగోన్ పగోడాకు బోయితిమి. దాదాపు నూఱు మీటర్ల యెత్తున బంగారుఱేకులతో నది సాయంకాలపు టెండలో వెలుగుచుండగా, మాటలాడుట యనవసరమనిపించెను. అడుగుమెట్టు దగ్గఱనే పాదరక్షలు విడువవలెను; ఒకప్పుడు దొరలు జోళ్లతో నెక్కుచుండగా, దానికై బర్మీయులు గొప్ప యాందోళనము చేసి గెలిచిరి. పగోడాచుట్టును ఎనిమిది దిక్కులకు ఎనిమిది గ్రహస్థానములున్నవి. ఎవడు ఏ వారమున పుట్టెనో యా స్థానమున నీళ్లు పోసి మ్రొక్కును. ఎనిమిది దిక్కులకు ఏడు వారములు చాలకపోగా, వారు బుధవారమును రెండు చేసి, అపరాహ్ణమును రాహువునకిచ్చిరి. మన పంచాంగమున ప్రతిదినమును గంటన్నర కాజేయు రాహువును, వీరు వారమునకొక పూటతో సరిపెట్టిరి. ఈ బేరము మాకు మిక్కిలి నచ్చినది.

సమావేశమున మమ్మందఱును "సయా" యని పిలిచిరి. సంస్కృతమందలి ఆచార్యశబ్దము పాళిలో ఆచరియ యై, బర్మీయుల నోట సయా యైనది. బుద్ధుడు, ధర్మము, సంఘము, తలిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ యైదును వారికి వందనీయములు. మన దేశమున గురుర్బ్రహ్మ యని శ్లోకము చదివి, జీతముల దినమున మాత్రము బడిపంతులను చూచి నవ్వువారిని చాలమందిని చూచితిమి గనుక, ఈ పిలుపు విన్నప్పుడెల్ల మా వీపు కొంచెము నిటారైనమాట నిజము.

అచ్చటి స్త్రీల స్వాతంత్ర్యము మమ్మాశ్చర్యపఱచినది. సంతలో తక్కెడ పట్టినది స్త్రీ. డబ్బుపెట్టె తాళము ఆమె నడుముననే. చెక్కను సానమీద అరగదీసి తనఖా గంధమును చెక్కిళ్ల పూసికొని, ఎవ్వరికిని తల వంపక బేరము చేయుచుండును. పెండ్లియైనను ఆమె పేరు మారదు. మేము వరకట్నమును వివరించి చెప్పుటకు పావుగంట పట్టినది. అంతయు విని యొక యుపాధ్యాయిని, "పెండ్లికుమారునికి ఏమైన జబ్బా? అతనికి డబ్బెందుకిత్తురు?" అని యడిగినది. మావద్ద ప్రత్యుత్తరము లేదు. అట్లని ఆ దేశము స్వర్గమని వ్రాయము. శ్వెడగోన్ పైయరుగునకు పురుషులనే పోనిత్తురు, స్త్రీలను పోనీయరు. పేరు మార్పని సంఘమును తన కొక గీత గీసికొనియే యున్నది.

ఇంతవఱకు వ్రాసినది ఏ యాత్రికుడైనను వ్రాయగలడు. మేము రంగమునకు బోవుటకు కారణము సమావేశమే యైనను, మా జేబులో వేఱొక కారణము కూడ నుండెను.

మా తాతగారికి ఒక యన్నగారుండిరి. ఆయన 1926 ప్రాంతమున రంగము పోయెను. ఆయన పంపిన మనియార్డరుల కూపనులు ఏడు మా నాయనమ్మ పెట్టెలో నుండెను. పది రూపాయలొకటి, పండ్రెండొకటి. ప్రతిదానిమీదను, "క్షేమం, మీ క్షేమం తెలపవలెను" అని యొకే వ్రాత. కడపటిది 1930 ఏప్రిలు నాటిది. ఆ సొమ్ముతోనే మా పూరియిల్లు పెంకుటిల్లయ్యెను. ఆ పెంకులక్రిందనే మా తాతగారు పెండ్లియాడిరి, మా నాయనగారు పుట్టిరి, మేము చదువుకొంటిమి. ఇంటిలో కథ యేమనగా, పెద్దతాత రంగములో గుమాస్తాగిరి చేసి, బర్మాదానిని కట్టుకొని, తమ్ముని, తల్లిని మఱచినాడని. మా తాతగారు చచ్చువఱకు అన్నపేరు ఉచ్చరింపలేదు. సంక్రాంతినాడు మా ప్రాంతమున గతించిన పెద్దల పేర క్రొత్తబట్టలు పెట్టి, వండినవి వడ్డించి మ్రొక్కుట ఆచారము. ఆ వరుసలో ఆయనకు బట్ట పెట్టినది లేదు. విశ్వాసఘాతకునకు బట్ట యేల యనిరి. మేమును, బందుగులలో ప్రశంస వచ్చినప్పుడు, "మా పెద్దతాత రంగంలో గుమాస్తా" యని యొకింత గొప్పగనే చెప్పుచుంటిమి. గుమాస్తా యనుమాట మాకు కావలెను, మనిషి అక్కఱలేదు.

నాలుగవ దినమున కూపనుమీది వీధిసంఖ్యను పట్టుకొని బయలుదేరితిమి. నదికి దాపున నున్న సన్నని వీధి. ఆ సంఖ్యగల యింట క్రింద సెల్‌ఫోనుల దుకాణము, పైన ఎండవేసిన బట్టలు. ప్రక్కను పొట్టి పీటలు వేసిన టీకొట్టు. మేము పీటమీద కూర్చుండి, మా యింటివారితో ఫోనులో, భోజనమైనదని చెప్పుచుంటిమి. కొట్టులోని ముదుసలి చేతిలోని గిన్నె దించి, మావైపు చూచి, "ఏ వూరు బాబూ మీది?" అనెను.

మాకు క్షణము నోట మాట రాలేదు. అది పుస్తకపు తెలుగు కాదు, కోస్తాపట్టణములలో విను తెలుగు కాదు. మా పెరటిగోడ కవతలనుండి వచ్చు మాట. ఆమె బర్మాలోనే పుట్టినది, చదువనేరదు, భారతదేశము నెఱుగదు. "మాది సోంపేట కాడ ఏదో వూరంట బాబూ. మా అయ్య సెప్పేవోడు. నానెప్పుడూ సూడనేదు" అనెను. మేము సంతోషముతో పెద్దతాత కథ చెప్పి, ఆయన ఈ యింటనే యుండి గుమాస్తాపని చేసెనని చెప్పితిమి. ఆమె నవ్వినది. ఎగతాళిగ కాదు, పసివాని మాటకు నవ్వినట్లు.

"గుమస్తాలా! ఈ ఈదిలోనా? ఇక్కడ గుమస్తాలెవులుంటారు బాబూ? ఒక్క గదిలో ముప్పైమంది తొంగునేవోరంట. పగలు ఓడల్లో మూటలు మోసినోలు రేత్రి తొంగుంటే, రేత్రి మోసినోలు పగలు. మా తాతా అందులోనే తొంగున్నాడు."

మేము జేబులోని కూపను తీసి చూచితిమి. చిన్ననాటనుండి ఎన్నిమాఱులు చూచితిమో లెక్కలేదు. వ్రాతక్రింద సంతకముండవలసిన చోట నొక వ్రేలిముద్ర. గుమాస్తాకు వ్రేలిముద్ర యేల? పాతికయేండ్లకు సమీపించి పిల్లల జవాబుపత్రములలో తప్పులు వెదకిన మాకు, మా యింటి కాగితముమీది యా గుండ్రని మసిమఱక నలుబదియేండ్లును కనబడలేదు. చూడవలెనని లేనిది కంటికి కనబడదు.

ఇక చరిత్ర చెప్పవలసియున్నది. 1931 జనాభాలెక్కలనాటికి రంగూనులో సగముకంటె నెక్కువమంది భారతీయులే. రేవులోని మూటల కూలీలలో తెలుగువారిదే పెద్దచేయి. వారిని అచ్చట "కోరంగీలు" అనిరి. ఏలన మొదటివారు కాకినాడదగ్గఱి కోరంగిరేవునుండి బోయిరి. ఆ రేవు 1839 నాటి తుపానులో నాశమైనది. దాని పేరుమాత్రము తిట్టుగా మాఱి, ఆ రేవును కన్నెత్తి చూడని మా ఉద్దానపువారి నెత్తిన కూర్చుండెను. మేస్త్రి ఊరికి వచ్చి బయానా యిచ్చును. ఓడకూలి తానే కట్టును. ఆ బాకీ తీఱువఱకు కూలిలో కోత కోయును. ఓడవారు మేస్త్రిని, మేస్త్రి కూలీని పట్టుకొందురు. కూలీకి పట్టుకొనుటకెవ్వరును లేరు. 1922 నాటి వలసచట్టము పరదేశములకు బోవు కూలీలకు కొంత రక్షణ కల్పించినది గాని, 1937 ఏప్రిలు 1 వఱకు బర్మా భారతదేశములో భాగమే యగుటచేత, సముద్రము దాటినను మావారు చట్టముదృష్టిలో వలసపోయినవారు కారైరి.

1930 మే నెలలో తెలుగుకూలీలు కూలి పెంచుమని సమ్మెకట్టిరి. ఓడసరకుల గుత్తదారులు వారికి బదులుగ బర్మా కూలీలను తెచ్చిరి. తరువాత తెలుగువారితో రాజీపడి, మే 26 న వారిని పనిలోనికి పిలిచి, బర్మావారిని పొమ్మనిరి. ఆ యుదయమున రేవులో మొదలైన కొట్లాట నగరమంతట ప్రాకినది. కొన్ని దినములలో వందమందికి పైగా చచ్చిరి, వందలకొలది గాయపడిరి, చచ్చినవారిలో అధికులు మావారే. వేలకొలది తెలుగువారు పాత పిచ్చియాసుపత్రి యావరణలో తలదాచుకొనిరి. ఇందు బర్మీయులనే నిందించుట న్యాయము కాదు. ధాన్యపు ధర పడిపోయి, భూములు అప్పులవారి పాలుకాగా, వారును రేవునకు అన్నమునకై వచ్చినవారే. ఒక యాకలిమీదికి మఱియొక యాకలిని తోలినవారు ఆనాడు మేడలమీద నుండిరి.

మా కూపనులలో కడపటిది 1930 ఏప్రిలు నాటిదని పైన వ్రాసితిమి.

పెద్దతాత ఆ కొట్లాటలో చచ్చెనని మేము సాధింపలేము. కలరాచేత చచ్చియుండవచ్చును. నిజముగనే యొక బర్మీయురాలిని పెండ్లాడి సుఖముగ బ్రతికియుండవచ్చును. ఆమె తక్కెడ పట్టుట చూచినపిమ్మట అదియొక నేరమనియు మాకు తోచదు. కాని సాక్ష్యము లేకయే మా యింటివారము ఆయనపై తీర్పుచెప్పి, తొంబదియేండ్లు శిక్ష నమలుచేసితిమి. మూటమోసిన వ్రేలిముద్ర మాకు పరువుతక్కువగా దోచెను. విశ్వాసఘాతకుడగు గుమాస్తా మేలనిపించెను. ఇది మా పెద్దతాత కథ కాదు, మా కథ.

మఱునాడు బహదూర్ షా జఫరు సమాధి చూచితిమి. ఢిల్లీనుండి ఆంగ్లేయులు పంపివేసిన ఆ కడపటి మొగలు చక్రవర్తి 1862 నవంబరు 7 న ఇచ్చటనే మరణించెను. ఆయనను పాతిన చోటు తెలియకుండ నేలను చదును చేయించిరి. 1991 లో కాలువకై త్రవ్వుచుండగా గాని యసలు సమాధి బయటపడలేదు. పాదుషా గోరియే నూటయిరువదియెనిమిదేండ్లు కనబడక పోగా, ఓడకూలీ గోరిని వెదకువారెవరు? అయినను పాదుషాను ఢిల్లీవారు ద్రోహియనలేదు.

సాయంకాలము తిరిగి ముదుసలి కొట్టునకు బోయితిమి. ఆమె తండ్రి 1942 లో ఇల్లు కదలలేదట. 1941 డిసెంబరు 23 న జపానువారు నగరముపై బాంబులు వేయగా, లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి మాతృదేశమునకు నడచిరి. దారిలో వేలకొలది రాలిరి. మరల 1962 లో సేనాపతి నెవిన్ రాజ్యమును చేపట్టి, రెండేండ్లలో దుకాణములను కూడ జాతీయము చేయగా, లక్షలకొలది ఓడలెక్కిరి. విశాఖపట్టణమునందలి బర్మాక్యాంపు అను పేట అట్టివారి పేర వెలసినదే. ఆమె కుటుంబము అప్పుడును కదలలేదు. "ఎక్కడికెల్తాం బాబూ? అక్కడ మాకెవులున్నారు?" అనెను. 1982 నాటి పౌరసత్వచట్టము 1823 కు పూర్వమునుండి యచ్చటనున్న జాతులకే పూర్ణమైన చోటు చూపినది. అక్కడ "ఎప్పుడు వచ్చితిరి" అని యడుగుదురు. ఇక్కడ "ఎందుకు పోతిరి" అని యడిగితిమి. ఆమె మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, మా చేతినుండి కాగితము లాగికొని, తన యక్షరములు వ్రాసి, మా అక్షరములు వ్రాయుమనెను. అ, ఆ మొదలు ఱ వఱకు వ్రాసి యిచ్చితిమి. "ఠ" ను చూచి పిల్ల తనదేనని నవ్వినది. ముదుసలి ఆ కాగితమును మడిచి డబ్బుపెట్టెలో దాచుకొనెను. టీకి డబ్బు తీసికొనలేదు.

బోగ్యోక్ సంతలో నొక మంచి లుంగీ కొని యింటికి చేరితిమి. మా నాయనగారికి జరిగినదంతయు చెప్పితిమి. ఆయన చాలసేపు పెంకులవైపు చూచి, "అయితే మా నాయిన అన్నని ఊరికే తిట్టేడన్నమాట" అనిరి. తరువాత, "తిట్టకపోతే ఎదురు సూడాలి కదా" అనిరి. ఆ రెండవమాట మాకు తోచినది కాదు. మా తాతగారిని కూడ నిందింప వీలులేకపోయెను.

ఆ సంక్రాంతికి వారము ముందు, 2020 జనవరి 6 న, పాకిస్థాను చెఱనుండి 20 మంది మత్స్యకారులు వాఘా సరిహద్దు దాటి వచ్చిరి. వారు మన శ్రీకాకుళము, విజయనగరము తీరములవారు. ఇచ్చట రేవు లేక, గుజరాతులోని వేరావలునకు కూలికి బోయి, 2018 నవంబరులో సముద్రముమీద పట్టుబడిరి. పత్రికలో వారి బొమ్మ చూచుచు మేము మా పెద్దతాతను తలంచితిమి. రంగము పోవుట మానలేదు. రంగము పేరు మాఱినది. వేరావలు, అండమాను, చెన్నపట్టణము, గల్ఫుదేశములు. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానున కొబ్బరి, జీడిమామిడి కూలినపిమ్మట మా బడినుండియే యెందఱో బాలురు వెడలిరి. చదువు మానినాడని మేము వారిని కసరితిమి, దారి చెప్పలేదు.

ఇప్పుడు చెప్పుచున్నాము. పదవతరగతి తప్పినవానికి వచ్చు పాస్‌పోర్టుతో కొన్ని దేశములకు కూలికి బోవలెనన్న, ప్రభుత్వపు వలసరక్షణాధికారి యనుమతి కావలెను. అది అడ్డంకి కాదు, అండ. ఆ యనుమతి యక్కఱలేదని చెప్పు ఏజెంటు పాత మేస్త్రికి మనుమడే. కనుక పదవతరగతి ముగింపుడు. కాగితము చదివి గాని వ్రేలిముద్ర వేయకుడు. వేసిన కాగితపు నకలు ఇంటనుంచుడు. తొమ్మిదవ తరగతి పిల్లలకు మేము ప్రతిసంవత్సరమును ఒక పని యిచ్చుచున్నాము: మీ యింటనుండి రంగము పోయినవారెవరో, ఏ పనిచేసిరో, ముసలివారినడిగి వ్రాసికొని రండు. మొదటి యేట చాలమంది "గుమాస్తా" యనియే వ్రాసికొని వచ్చిరి. మేము నవ్వలేదు. మరల నడుగుమని పంపితిమి.

2021 ఫిబ్రవరి 1 న ఆ దేశమున సైన్యము మరల రాజ్యమును చేపట్టినది. మమ్ము సయా యని పిలిచిన వృత్తిలోనివారు వేలకొలది సమ్మెచేసి కొలువులు పోగొట్టుకొనిరి. మేము మరల రంగము చూడలేదు. టీకొట్టు ముదుసలిని మాత్రము తలంపని దినము లేదు.

చదువరులారా, మీ యిండ్లలోను పాతపెట్టెలుండును. తీసి చూడుడు. ఎవనినైన మఱచినవాడని, చెడినవాడని యింటివారు చెప్పుచున్నచో, వాని కాగితము నొకమాఱు కనులార చూచి యటుపై నమ్ముడు.

2020 సంక్రాంతినాడు మా నాయనగారు పెద్దలకు బట్టలు పెట్టుచు, వరుస చివర రంగపు లుంగీని తామే మడిచి పెట్టిరి. పేరు చెప్పవలసివచ్చినప్పుడు ఆయనకు గుర్తురాలేదు. మేము కూపను చూచి చదివి చెప్పితిమి.